రహదారిపై బండ్లు ఎందుకు ఆగుచున్నవి?

సంక్రాంతి పండుగకు రెండు మూడు దినములు ముందు హైదరాబాదు నుండి విజయవాడ వైపు పోవు 65వ నంబరు జాతీయ రహదారిని చూచినవారికి అది రహదారి వలె గాక తిరునాళ్ల వీధి వలె తోచును. 2010వ సంవత్సరమున సంఖ్యలు మార్చక పూర్వము దీనినే 9వ నంబరు రహదారి అనెడివారము; పెద్దలు ఇప్పటికిని అట్లే వ్యవహరించుచున్నారు. చౌటుప్పల్ సమీపమున పంతంగి, కేతేపల్లి ప్రాంతమున కొర్లపహాడ్, జగ్గయ్యపేట దగ్గర చిల్లకల్లు టోల్ గేట్ల కడ బండ్లు బారులు తీరుటను గూర్చి ప్రతి యేడును పత్రికలలో చదువుచునే యున్నాము. 2021 ఫిబ్రవరి నుండి ఫాస్టాగ్ నిర్బంధమైన పిదప రొక్కము లెక్కించి చిల్లర యిచ్చు జాప్యము తగ్గినది. అయినను గేటు లేనిచోట, ఇరుకు వంతెన లేనిచోట, ప్రమాదమేదియు జరుగనిచోట గూడ బండ్లు నిలిచిపోవుట మానలేదు.

ఇట్టి యొకచోట, సూర్యాపేట దాటిన తరువాత రహదారి ప్రక్కనున్న యొక గ్రామమున, పంచాయతీ సభ్యులతో కలిసి మేము కొంతసేపు గట్టుపై నిలిచి చూచితిమి. వారిలో వయసు మీరిన వార్డు సభ్యుడొకరు, పెద్ద రైతు, మమ్ము ఇట్లు ప్రశ్నించిరి:

"అయ్యా, ముందు గేటు లేదు, ఏ బండీ పడిపోలేదు. అరగంట నుంచి చూస్తున్నా. ఆగుతున్నాయి, కదులుతున్నాయి, మళ్లీ ఆగుతున్నాయి. ఏం అడ్డం వచ్చిందని ఆగుతున్నట్టు?"

ఈ ప్రశ్న సామాన్యమైనది కాదు. దీనికి సమాధానము తెలిసికొనుటకు శాస్త్రజ్ఞులు ప్రత్యేకముగ ప్రయోగములు చేయవలసివచ్చినది. జపాను దేశమున నగోయా విశ్వవిద్యాలయమునకు చెందిన యూకి సుగియామా అను ఆచార్యుడును, ఆయన సహచరులును 230 మీటర్ల చుట్టుకొలత గల గుండ్రని బాటను గీచి, దానిపై 22 కార్లను నిలిపిరి. గంటకు 30 కిలోమీటర్ల వేగముతో ముందు బండి వెనుక సాగిపొండని మాత్రమే డ్రైవర్లకు చెప్పిరి. ఆ బాటపై మలుపులు కలుపులు లేవు, సిగ్నలు లేదు, గుంత లేదు, అడ్డము వచ్చు పశువు లేదు. మొదట కొంతసేపు అన్నియు సమముగ తిరిగినవి. పిమ్మట ఎవరో ఒకరు రవంత వేగము తగ్గించిరి; వెనుకనున్నవారు అంతకంటె కొంచెము ఎక్కువ తగ్గించిరి; ఆ వెనుకవారు మరికొంచెము. కొలది నిమిషములలో బాటపై ఒకచోట బండ్లు పూర్తిగా నిలిచిపోయినవి. ముందున్నది కదలిపోవుచుండగా వెనుకనుండి మరియొకటి వచ్చి ఆ గుంపులో చేరుచుండెను. ఆ విధముగ ఆ నిలుపుదల యనునది బండ్లు పోవు దిక్కునకు ఎదురుగా, గంటకు సుమారు 20 కిలోమీటర్ల వేగముతో వెనుకకు ప్రాకినది. ఈ ఫలితములను వారు 2008లో ప్రకటించిరి.

వార్డు సభ్యుని ప్రశ్నకు సమాధానము ఇందులోనే కలదు. ఆయన కన్నుల ముందు బండి ఆగుటకు కారణము ఆయన కన్నుల ముందు ఉండనక్కరలేదు. గంటకు 20 కిలోమీటర్ల వేగముతో వెనుకకు ప్రాకు నిలుపుదల పావుగంటలో 5 కిలోమీటర్లు వచ్చును. అయిదు కిలోమీటర్ల ముందు ఎవరో ఒకరు ఫోను చూచుకొనుచు పోయి, హఠాత్తుగ బ్రేకు నొక్కి, పావుగంట క్రిందటనే తమ దారిన తాము వెడలిపోయి యుందురు. వారికి తాము చేసినదేమియు తెలియదు. నష్టపడినవారికి కారకుడెవరో తెలియదు.

దీనిని కాలువ నీటితో పోల్చిన కొంత తేటపడును, కొంత చెడును. తూము ఎంత ఎత్తిన అంత నీరు పారును. కాలువ నిండుగా నున్నపుడు నీరు మరింత వడిగా పోవునేగాని మందగింపదు. రహదారి యట్లు కాదు. బండ్లు దట్టమైన కొలది ఒక్కొక్కరును జంకి వేగము తగ్గించుకొందురు. అమెరికాలో బ్రూస్ గ్రీన్‌షీల్డ్స్ అను ఇంజనీరు ఒహాయో రాష్ట్రపు రోడ్లపై పోవు బండ్లను ఫోటోలు తీసి లెక్కించి, బండ్ల దట్టము హెచ్చిన కొలది వేగము తగ్గుచుండునని 1935వ సంవత్సరమునందే చూపెను. నీటిబొట్టునకు భయము లేదు, బ్రేకును లేదు. బండి నడుపువానికి రెండును కలవు.

అయినచో మిక్కిలి వేగముగా పోయినవాడు రోడ్డును త్వరగా ఖాళీ చేయునుగదా యని కొందరు వాదింతురు. ఈ వాదమును లెక్క కట్టి చూడవలసినదే. ముందు బండికిని తన బండికిని నడుమ రెండు సెకండ్ల దూరము విడిచి నడుచుట క్షేమమని లోకమంతటను డ్రైవర్లకు బోధించుచున్నారు. గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవు బండి సెకండుకు సుమారు 22 మీటర్లు పోవును. రెండు సెకండ్లకు 44 మీటర్లు. బండి పొడవు 5 మీటర్లు కలిపిన 49 మీటర్లకు కొంచెము పైగా. ఈ లెక్కన ఒక వరుసలో గంటకు సుమారు 1,620 బండ్లు దాటిపోవును. వేగము 100 కిలోమీటర్లకు పెంచినచో విడువవలసిన దూరము గూడ పెరుగును గనుక 1,650 బండ్లు మాత్రమే పోగలవు. గంటకు 20 కిలోమీటర్లు వేగము పెంచుటవలన దక్కినది ముప్పది బండ్లు. ఇక పోయినదేమి? రోడ్ల నిర్మాణమునకు ప్రమాణములు నిర్ణయించు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి లెక్క ప్రకారము, అడ్డమును చూచి బండిని నిలుపుటకు 80 కిలోమీటర్ల వేగమున 120 మీటర్ల దూరము కనబడవలెను. 100 కిలోమీటర్ల వేగమున 180 మీటర్లు కనబడవలెను. ముప్పది బండ్ల కొరకు అరువది మీటర్లు!

నాలుగు వరుసల రహదారిపై కార్లకు 100 కిలోమీటర్ల వరకు పోవుటకు కేంద్ర ప్రభుత్వము 2018లో పరిమితి నిర్ణయించిన మాట నిజమే. అది మించగూడని హద్దేగాని, చేరి తీరవలసిన గమ్యము గాదు. 2022వ సంవత్సరమున మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించినట్లు కేంద్ర రోడ్డు రవాణా శాఖవారు ప్రకటించిరి. అందులో 61,038 మంది జాతీయ రహదారులపైననే మరణించిరి. ఆ యేటి మొత్తము మరణములలో నూటికి డెబ్బదికి పైగా అతివేగమువలన సంభవించినవే.

మరల మన గట్టు కడకు వత్తము. రెండు సెకండ్ల దూరము కొలుచుటకు గడియారము అక్కరలేదు. ముందు బండి పసుపు తల గల కిలోమీటరు రాయిని దాటగానే "నూట ఒకటి, నూట రెండు" అని నింపాదిగ పలుకవలెను. అది ముగియకముందే మన బండి ఆ రాయిని చేరినచో మనము మిక్కిలి దగ్గరగా పోవుచున్నామన్నమాట. వానలో నాలుగు అంకెలు పలుకుట మంచిది. గట్టుపై నున్న సభ్యులు వేడుకకు ఈ లెక్క పట్టి చూచిరి. మేము చూచినంతసేపటిలో రెండు అంకెలను పూర్తిగ పలుకనిచ్చిన బండ్లు బహు కొద్ది.

దూరము విడిచినందువలన గలుగు మేలు క్షేమముతో ముగియదు. ముందువాడు కొంచెము తగ్గించినపుడు, వెనుక ఖాళీ విడిచినవాడు బ్రేకు తొక్కనక్కరలేకుండ యాక్సిలరేటరుపై కాలు సడలించిన చాలును. అంతటితో ఆ నిలుపుదల యను అల ఆయన బండి కడ చచ్చిపోవును. వెనుకనున్న వందలాది బండ్లకు ఆ సంగతియే తెలియదు. అమెరికాలో అరిజోనా రాష్ట్రమున సుమారు ఇరువది బండ్లతో ఇట్టి గుండ్రని బాటపైననే మరియొక ప్రయోగము చేసి, ఫలితములను 2018లో ప్రకటించిరి. తక్కిన బండ్లన్నియు మామూలుగ నడచుచుండగా, ఒక్క బండిని మాత్రము యంత్రము చేత తొందరపడకుండ సమవేగముతో నడిపింపగా, అలలు అణగిపోయినవి. ఇంధనపు ఖర్చు గూడ గణనీయముగ తగ్గినది. ఇరువదిలో ఒక్కటి!

"ఖాళీ వదిలితే ఇంకోడు వచ్చి దూరడూ?" అని మా ప్రక్కనున్న యువకుడైన సభ్యుడు అడిగెను. దూరును, నిశ్చయముగ దూరును. అట్లు ఒకడు దూరినందువలన మనకు కలుగు నష్టము రెండు సెకండ్లు. పదిమంది దూరినను ఇరువది సెకండ్లు. విజయవాడ చేరువరకు నూరుమంది దూరినను మూడున్నర నిమిషములు మించదు. దారిలో తేనీటి కొరకు దిగినచో అంతకంటె నెక్కువ కాలము పోవును.

వరుసలు మార్చుట యందును ఇదే దోషము కలదు. ప్రక్క వరుస వేగముగ పోవుచున్నదని దానిలోనికి, మరల దీనిలోనికి మారువాడు, మారిన ప్రతిసారియు వెనుకవాని చేత బ్రేకు తొక్కించును. ఇక లారీల సంగతి. చట్టము ఎడమవైపున నడువుడని చెప్పుచుండగా కుడి వరుసను పట్టుకొని నింపాదిగ పోవు బరువు బండ్లను మన రహదారులపై నిత్యమును చూచుచున్నాము. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు లారీని 62 కిలోమీటర్ల వేగమున పోవు మరియొక లారీ దాటబూనినదనుకొందము. దాటి, క్షేమముగ ఎడమకు చేరుటకు 60 మీటర్లు అధికముగ పోవలెననుకొన్నచో, అందుకు ఒక నిమిషము 48 సెకండ్లు పట్టును. ఈ లోపల అది ఇంచుమించు 1,900 మీటర్ల మేర కుడి వరుసను మూసివేయును. ఆ లారీవానికి దక్కునది గంటకు రెండు కిలోమీటర్లు. వెనుకనున్నవారి ఓర్పు నశించి, ఎడమ ప్రక్కనుండి, మట్టి అంచు మీదనుండి దూసుకొనిపోవుటకు సాహసింతురు. ఆ మట్టి అంచు మీదనే మన గ్రామస్థుడు సైకిలుతో నడచుచుండును.

ఇంతవరకు పట్టణమునుండి వచ్చువారి నడవడిని చెప్పితిమి. మన గ్రామముల పాలు గూడ చెప్పకపోయిన ఈ పాఠము పక్షపాతమగును.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారు గ్రామీణ ప్రాంతపు రోడ్లపై ఒక్కొక్క బండి ఎంత చోటును ఆక్రమించునో కారుతో పోల్చి 1990లో లెక్క నిర్ణయించిరి. కారు ఒకటైనచో మోటారు సైకిలు అర; లారీ గాని బస్సు గాని మూడు; ట్రాలీ తగిలించిన ట్రాక్టరు నాలుగున్నర; ఎడ్లబండి ఎనిమిది. ఎడ్లబండి యెనిమిది కార్ల పొడవుండునని దీని అర్థము కాదు. దాని నిదాన గమనమువలన ఇతరులకు అన్ని బండ్లంత అడ్డంకి కలుగునని భావము. ట్రాక్టరు గంటకు 25 కిలోమీటర్లు పోవుచుండగా వెనుక 80 కిలోమీటర్ల వేగమున కారు వచ్చుచున్నదనుకొందము. ఆ కారు ప్రతి నిమిషమునకు ట్రాక్టరును 900 మీటర్లకు పైగా సమీపించును. అనగా రోడ్డెక్కునపుడు రైతు వెనుకకు తిరిగి చూచి, కిలోమీటరు దూరములో ఏమియు దగ్గరగా లేదని తృప్తిపడినను, అది నిమిషము మాత్రపు తృప్తియే. పగటివేళ డ్రైవరునకు ట్రాక్టరు కనబడును, తగ్గించుకొనును, వెనుక అల పుట్టును. రాత్రివేళ ట్రాలీకి వెనుక దీపము లేక, ఎర్రని రేడియం పట్టీ లేక, చెరకో వరిగడ్డియో వెడల్పుగ వ్రేలాడుచున్నపుడు పుట్టునది అల కాదు. మిరపకోతలకును, పత్తి ఏరుటకును పోయి చీకటిపడిన పిదప తిరిగివచ్చు కూలి స్త్రీలు ఆ ట్రాలీలలోనే, కిక్కిరిసిన ఆటోలలోనే కూర్చుండి యుందురు. రేడియం పట్టీ వెల వారిలో ఒకరి దినకూలికంటె తక్కువ.

ఎదురుదారిన పోవుట మరియొక దురభ్యాసము. మన పొలము డివైడరునకు ఆవలనున్నది. బండి త్రిప్పుకొనుటకు ఖాళీ కిలోమీటరున్నర దూరమున నున్నది. కనుక అంచు వెంబడి ఎదురుగా పోవుదమను తలంపు రైతునకు కలుగుట సహజమే. మేము దానిని దుర్బుద్ధి యనజాలము. ఎండలో మూడు కిలోమీటర్లు చుట్టి రావలసినవాని కష్టము, కార్యాలయమున కూర్చుండి వ్యాసము వ్రాయువారికి తెలిసినదనుట తగదు. కాని లెక్క మాత్రము మారదు. మోటారు సైకిలు 40, ఎదురుగా కారు 80. రెండును కలిసి గంటకు 120 కిలోమీటర్ల వేగమున సమీపించుచుండును. రెండు వందల మీటర్ల దూరమున ఒకరినొకరు చూచుకొనినను తప్పించుకొనుటకు దొరకు వ్యవధి ఆరు సెకండ్లు. ఆ కారు కుడివైపునకు తిరిగినచో ఆ వరుసలోని లారీ బ్రేకు తొక్కును. అక్కడినుండి అల వెనుకకు ప్రాకును. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము 184వ సెక్షను ప్రకారము ఎదురుదారిన నడుపుట ప్రమాదకరమైన డ్రైవింగు క్రిందికి వచ్చును. జుల్మానాయే గాక, జైలు శిక్ష గూడ విధింపవచ్చును.

షేరు ఆటోలు ప్రయాణికుల కొరకు బండ్లు పోవు వరుసలోనే నిలుచుట, వడ్లు మొక్కజొన్నలు రోడ్డుపై ఆరబోసి చుట్టును రాళ్లు పేర్చుట, పశువులను మళ్లించుకొనిపోవుట, ఇవన్నియు సభ్యులకు తెలిసినవే. ఆరబోసిన ధాన్యము విషయమున ఒక్కమాట: సాయంకాలము ధాన్యము ఎత్తుకొనిపోయినవారు రాళ్లను గూడ ఎత్తవలెను. ఆ రాళ్లు రాత్రి మోటారు సైకిలువాని పాలిట మృత్యువులగుచున్నవి.

స్పీడు బ్రేకర్ల విషయమున గ్రామములలో కొంత అపోహ కలదు. ప్రమాదము జరిగిన మరునాడే యువకులు మట్టితోనో సిమెంటుతోనో రోడ్డుకడ్డముగ గట్టు పోయుట కలదు. వారి దుఃఖము న్యాయమైనదే. కాని హెచ్చరిక బోర్డు గాని, తెల్లచారలు గాని లేని గట్టు కడ మొదటి కారు హఠాత్తుగ ఆగును, వెనుక లారీ ఆగలేదు. ఒక ప్రమాదమును నివారింపబోయి మరియొకదానికి పునాది వేసినట్లగును. జాతీయ రహదారిపై ఇట్టి పనులు చేయుటకు పంచాయతీకి అధికారము లేదు. డివైడరును పగులగొట్టి దారి చేసికొనుట గాని, అనుమతి లేక క్రొత్త దారిని రహదారిలో కలుపుట గాని 2002 నాటి జాతీయ రహదారుల నియంత్రణ చట్టమునకు విరుద్ధము.

మరి పంచాయతీ చేయగలిగినదేమి? చేయగలిగినది కొంత కలదు. అది సామాన్యమైనది కాదు. ఊరిలోని ట్రాలీలన్నిటికి కోతలకు ముందుగా రేడియం పట్టీలు అతికింపజేయుట, ఆటోలు నిలుచుటకు రహదారి అంచునకు దూరముగ చోటు చూపుట, ధాన్యము ఆరబోయుటకు కల్లములు ఏర్పరచుట వంటివి ఒక్క గ్రామసభలో నిర్ణయింపదగినవే. నడచిపోవువారికి, పశువులకు అండర్‌పాసు గాని, ట్రాక్టర్లకు సర్వీసు రోడ్డు గాని లేనిచోట, ఊరివారు ఎదురుదారిన పోవుటను మాటలతో మాన్పించుట కష్టము. అందుచేత ఆ సౌకర్యముల కొరకు జాతీయ రహదారుల సంస్థ ప్రాజెక్టు డైరెక్టరునకును, కలెక్టరుగారి అధ్యక్షతన నుండు జిల్లా రోడ్డు భద్రతా కమిటీకిని తీర్మానము పంపవలెను. "మా ఊరి వద్ద ప్రమాదములు ఎక్కువ" అని వ్రాసిన తీర్మానములను పలుచోట్ల చూచియున్నాము. అట్టివానిని చదివిన ఇంజనీరు చేయగలిగినది స్వల్పము. ఏ కిలోమీటరు రాయికిని ఏ రాయికిని నడుమ, దినమునకు ఎన్ని ట్రాక్టర్లు, ఎందరు బడిపిల్లలు ఏ వేళలయందు దాటుచున్నారు, బండి త్రిప్పుకొను చోటు ఎంత దూరమున నున్నది, గడచిన మూడేండ్లలో ఏయే తేదీలలో ఏమి జరిగినది, ఈ వివరములు చేర్చినచో ఆ కాగితమునకు బలము వచ్చును. ఈ లెక్క పట్టుటకు ఇద్దరు యువకులు, ఒక నోటుపుస్తకము, వారము దినములు చాలును.

రహదారిపై లారీ చెడి నిలిచినను, పశువు పడియున్నను, చెట్టు కూలినను 1033 నంబరునకు ఫోను చేయవచ్చును. ఇది జాతీయ రహదారుల కొరకు ఏర్పరచిన నంబరు. చెడిన లారీ వెనుక రాళ్లు పెట్టి, కొమ్మలు నరికి వేయుటకంటె ఇది మేలు. ఈ నంబరును పంచాయతీ కార్యాలయపు గోడపైనను, రహదారి ప్రక్కనున్న తేనీటి దుకాణములపైనను పెద్ద అక్షరములతో వ్రాయింపవలెను. పంపిన తీర్మానము నకలును, అందినట్లు వచ్చిన రసీదును కార్యదర్శి తేదీతో భద్రపరచి, మూడు నెలలకొకసారి సమావేశమున చదివి వినిపించినచో, మరల వ్రాయవలసినపుడు మొదటినుండి వెదకుకొనవలసిన పని యుండదు.